చుట్టుదారే త్వరగా చేర్చింది! ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎంత దూరం?

ఢిల్లీ నుంచి అమెరికా పడమటి తీరంలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు ఆకాశమార్గంలో ఎంత దూరం? ప్రశ్న చిన్నదే. జవాబులు మాత్రం ఒకటికి మూడున్నాయి: 12,370 కి.మీ., 13,900 కి.మీ., 15,300 కి.మీ. మూడూ సరైనవే. అంతకన్నా ఆశ్చర్యం ఇంకొకటుంది. ఈ మూడింటిలో అన్నిటికంటే పొడవైన దారినే ఒక విమానం ఏరికోరి పట్టింది. పట్టి, మునుపటికంటే ముందుగా గమ్యం చేరింది!

2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా సంస్థ ఈ రెండు నగరాల మధ్య ఎక్కడా ఆగకుండా పోయే విమానాన్ని ప్రారంభించింది. మొదట్లో ఆ విమానం ఢిల్లీ నుంచి పడమటి వైపుగా బయలుదేరి, ఉత్తర అట్లాంటిక్ సముద్రాన్ని దాటి అమెరికా చేరేది. ఆ దారి పొడవు సుమారు 13,900 కి.మీ. ప్రయాణానికి దాదాపు 16 గంటలు పట్టేది. 2016 అక్టోబరు 16న విమానం దిశ మార్చింది. తూర్పుగా బయలుదేరి చైనా, జపాన్‌ల మీదుగా పసిఫిక్ మహాసముద్రాన్ని దాటింది. ఈ దారి సుమారు 15,300 కి.మీ. అంటే 1,400 కి.మీ. అదనం. అయినా ప్రయాణం 14 గంటల 30 నిమిషాల్లోనే ముగిసింది.

1,400 కి.మీ. అంటే హైదరాబాదు నుంచి ఢిల్లీకి విమానదూరం కంటే ఎక్కువ. అంత దూరం అదనంగా తిరిగి కూడా గంటన్నర మిగలడం ఎలా సాధ్యం? అదే విమానం, అవే ఇంజన్లు. మరి తేడా ఎక్కడుంది?

దారం చెప్పే దూరం

ముందుగా మొదటి అంకె సంగతి చూద్దాం. 12,370 కి.మీ. అన్నది ఎక్కడి నుంచి వచ్చింది?

మీ తరగతి గోడమీద ప్రపంచపటం ఉంటే, ఢిల్లీకి, శాన్‌ఫ్రాన్సిస్కోకు మధ్య తూర్పు దిశగా ఒక తిన్నని గీత గీసినట్టు ఊహించండి. అది చైనా, జపాన్‌ల మీదుగా పసిఫిక్‌ను దాటుతుంది. చూడడానికి అదే దగ్గరదారి. లెక్కవేస్తే అది దాదాపు 15,000 కి.మీ. వస్తుంది. ఇప్పుడు గ్లోబు తీసుకోండి. ఒక దారం కొసను ఢిల్లీ దగ్గర పట్టుకుని, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర బిగించి లాగండి. దారం జపాను వైపు పోదు! ఢిల్లీ నుంచి దాదాపు ఉత్తరానికే తిరిగి, టిబెట్, చైనా పడమటి భాగం, సైబీరియా దాటి, ఆర్కిటిక్ సముద్రం అంచులను తాకి, అటునుంచి అమెరికాలోకి దిగుతుంది.

బిగించిన దారం ఎప్పుడూ అతి తక్కువ పొడవున్న దారినే పడుతుంది. గోళం మీద అలాంటి దారిని మహావృత్తమార్గం అంటారు. భూకేంద్రం గుండా పోయేట్టు గోళాన్ని సరిగ్గా రెండు సగాలుగా కోస్తే, కోసిన అంచు ఒక మహావృత్తం. భూమధ్యరేఖ ఒక మహావృత్తం. ప్రతి రేఖాంశమూ మహావృత్తంలో సగం. భూమధ్యరేఖ తప్ప మిగిలిన అక్షాంశాలు మాత్రం మహావృత్తాలు కావు. అందుకే అక్షాంశం వెంబడే తూర్పుకో, పడమరకో పోవడం అతి దగ్గరి దారి కాదు.

కాలేజీలో త్రికోణమితి చదువుతున్నవారు ఈ దూరాన్ని స్వయంగా లెక్కవేయవచ్చు. ఢిల్లీ విమానాశ్రయం 28.57 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.10 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోది 37.62 ఉత్తరం, 122.38 పడమర. రేఖాంశాల మధ్య తేడా 160.52 డిగ్రీలు. రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణించండి. తర్వాత రెండు అక్షాంశాల కొసైన్ విలువలను, రేఖాంశాల తేడా కొసైన్‌ను కలిపి గుణించండి. ఈ రెండు లబ్ధాలనూ కూడితే మైనస్ 0.364 వస్తుంది. ఏ కోణానికి కొసైన్ ఇంత ఉంటుంది? 111.34 డిగ్రీలకు. భూకేంద్రం వద్ద ఈ రెండు నగరాల మధ్య ఉన్న కోణం ఇదే.

కోణం తెలిస్తే దూరం తేలికే. భూగోళంపై ఒక డిగ్రీలో 60వ వంతుకు, అంటే ఒక నిమిషం కోణానికి సరిపోయే దూరాన్నే నాటికల్ మైలు అంటారు. అది 1.852 కి.మీ. నావికులు, విమానచోదకులు ఈనాటికీ ఈ కొలతనే వాడడానికి కారణం ఇదే. 111.34ను 60తో గుణిస్తే 6,680 నాటికల్ మైళ్ళు. అంటే సుమారు 12,370 కి.మీ.!

దగ్గరదారిలో ఎందుకు పోరు?

అతి దగ్గరి దారి తెలిసిన తర్వాత అదే దారిలో పోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. కానీ ఆకాశంలో దారి ఎంచుకునేటప్పుడు కింద ఏముందో కూడా చూడాలి.

విమానం 10-12 కి.మీ. ఎత్తున ఎగురుతున్నప్పుడు బయటి గాలి చాలా పలుచగా ఉంటుంది. అందుకే లోపలికి గాలిని ఒత్తిడితో పంపుతారు. ఏ కారణంగానైనా ఈ ఒత్తిడి తగ్గిపోతే, విమానం వెంటనే సుమారు 3 కి.మీ. ఎత్తుకు దిగిపోవాలి. ప్రయాణికుల ముందు జారిపడే ఆక్సిజన్ తొడుగులు కొద్ది నిమిషాలకే సరిపోతాయి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే సుమారు 4.5 కి.మీ. అక్కడ 3 కి.మీ.కి దిగడం ఎలా? ఇక ఆర్కిటిక్ ప్రాంతంలో విమానాశ్రయాలు బహు తక్కువ, చలి విపరీతం. విమానాల్లో వాడే సాధారణ ఇంధనం మైనస్ 47 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. దీర్ఘప్రయాణంలో ఇంధనం మరీ చల్లబడకుండా చూసుకోవాలి.

రెండు ఇంజన్లున్న విమానానికి మరో నియమం కూడా ఉంది. ఒక ఇంజను చెడిపోతే, రెండో దానితో నిర్ణీత సమయంలోపల చేరగలిగేంత దూరంలో ఏదో ఒక విమానాశ్రయం ఎప్పుడూ ఉండాలి. ఇది కాగితం మీది నియమం మాత్రమే కాదు. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోతున్న విమానంలో ఒక ఇంజనులో లోపం తలెత్తింది. విమానాన్ని రష్యా తూర్పు కొసన ఉన్న మగడాన్ పట్టణంలో క్షేమంగా దించారు. ఆ ప్రయాణికుల కోసం ఇక్కడి నుంచి మరో విమానం వెళ్ళింది.

అందువల్ల మహావృత్తమార్గం గ్లోబుమీద ఒక ఆదర్శం. అసలు దారి దానికి అటో ఇటో వంగుతుంది. అయితే ఒక ప్రశ్న మిగిలే ఉంది. వంగక తప్పనప్పుడు తక్కువ వంగే దారిని ఎంచుకోవాలి కదా? 15,300 కి.మీ. దారి ఎందుకు?

విమానం నడిచే నేల – గాలి

గోదావరిలో పడవ నడపడం చూసినవారికి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. పడవ వేగాన్ని నీటితో పోల్చి చెప్పాలి. ఏటివాలుకు పోతే ప్రవాహం వేగం కలిసొస్తుంది, ఎదురీదితే తగ్గిపోతుంది. విమానానికి గాలే ఏరు. ఇంజన్లు, రెక్కలు పనిచేసేది గాలి మీదే. కింద ఉన్న నేలతో వాటికి సంబంధం లేదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఢిల్లీ నుంచి కలకత్తాకు సుమారు 1,310 కి.మీ. గాలిలో గంటకు 830 కి.మీ. వేగంతో పోయే విమానాన్ని తీసుకుందాం. గాలి వీచకుండా ఉంటే పోవడానికి 95 నిమిషాలు, రావడానికి 95 నిమిషాలు, మొత్తం 190. ఇప్పుడు పడమర నుంచి తూర్పుకు గంటకు 100 కి.మీ. వేగంతో గాలి వీస్తోందనుకోండి. కలకత్తాకు పోయేటప్పుడు నేలతో పోల్చిన వేగం 930 కి.మీ., పట్టే సమయం 85 నిమిషాలు. వచ్చేటప్పుడు వేగం 730 కి.మీ., సమయం 108 నిమిషాలు. మొత్తం 193.

పోయేటప్పుడు లాభించిన సమయం వచ్చేటప్పుడు పోయిన సమయంతో చెల్లుకు చెల్లు కాలేదు, గమనించారా? కారణం ఉంది. అనుకూలగాలి మనకు సాయపడేది తక్కువసేపు, ఎదురుగాలి అడ్డుపడేది ఎక్కువసేపు. కాబట్టి రానూపోనూ ప్రయాణంలో గాలి ఎప్పుడూ కొంత సమయాన్ని తినేస్తుంది. దాన్ని తప్పించుకోవాలంటే పోయేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు మరో దారి వెతుక్కోవాలి.

ఆకాశంలో ఏళ్ళు

గంటకు 100 కి.మీ. అన్నది మనం లెక్క కోసం అనుకున్నది. నిజానికి విమానాలు ఎగిరే ఎత్తున అంతకు రెండుమూడింతల వేగంతో వీచే గాలులు ఉన్నాయి. ఇవి ఏళ్ళలాగే ఇరుకైన పట్టీలుగా ప్రవహిస్తాయి. వందల కిలోమీటర్ల వెడల్పు, కొద్ది కిలోమీటర్ల మందం, వేల కిలోమీటర్ల పొడవు. వీటినే జెట్ ప్రవాహాలు అంటారు. 1920లలో జపాను శాస్త్రవేత్త వాసబురో ఓయిషి బెలూన్లను ఎగరవేసి, వాటి కదలికలను గమనించి ఈ గాలులను గుర్తించాడు. తన ఫలితాలను ఆయన ఎస్పరాంటో భాషలో ప్రకటించడంతో బయటి ప్రపంచం వాటిని అంతగా పట్టించుకోలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో, 1944లో, జపాను మీదికి అతి ఎత్తున పోయిన అమెరికా బాంబరు విమానాలు ఈ గాలుల్లో చిక్కుకున్నాకనే వాటి బలం అందరికీ తెలిసింది.

ఈ గాలులు ఎలా పుడతాయి? భూమధ్యరేఖ దగ్గరి గాలి వేడిగా, ధ్రువాల దగ్గరి గాలి చల్లగా ఉంటుంది. ఈ ఉష్ణోగ్రతల తేడా వల్ల పై పొరల్లోని గాలి ధ్రువాల వైపు కదలబోతుంది. భూమధ్యరేఖ దగ్గర నేల, దానితోపాటు గాలి, గంటకు సుమారు 1,670 కి.మీ. వేగంతో తూర్పుకు తిరుగుతుంటాయి. 30 డిగ్రీల అక్షాంశం దగ్గర నేల వేగం 1,450 కి.మీ. మాత్రమే. అక్కడికి చేరుతున్న గాలి తన మొదటి వేగాన్ని వెంట తెచ్చుకుంటుంది. కాబట్టి కింది నేలకంటే ముందుకు, అంటే తూర్పుకు సాగిపోతుంది. వేడి, చలి ప్రాంతాల తేడా ఎంత ఎక్కువైతే ప్రవాహం అంత బలపడుతుంది. అందుకే చలికాలంలో జెట్ ప్రవాహాలు ఉద్ధృతంగా ఉంటాయి. అలాంటి ఒక ప్రవాహం చలికాలంలో హిమాలయాలకు దక్షిణంగా మన ఉత్తరభారతం మీదుగానే పోతుంది. జపాను దగ్గర అది మరింత బలపడి పసిఫిక్ మీదికి సాగుతుంది.

అన్ని జెట్ ప్రవాహాలూ తూర్పుకే పోతాయనుకోకండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నైరుతి ఋతుపవనాల కాలంలో, దక్షిణభారతం పైన దాదాపు 14-15 కి.మీ. ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక జెట్ ప్రవాహం సాగుతుంది. 1950లలో దీన్ని గుర్తించి వివరించిన వాతావరణ శాస్త్రజ్ఞుడు మన తెలుగువాడే, పి. కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు.

చిక్కు విడింది

ఇప్పుడు 2016 నాటి లెక్కకు తిరిగివద్దాం. అట్లాంటిక్ దారిలో 13,900 కి.మీ.కి 16 గంటలు. సగటున గంటకు 870 కి.మీ. పసిఫిక్ దారిలో 15,300 కి.మీ.కి పద్నాలుగున్నర గంటలు. సగటున గంటకు 1,055 కి.మీ. ఆ మార్గంలో వాడిన బోయింగ్ 777 రకం విమానం గాలిలో సుమారు 890 కి.మీ. వేగంతో పోతుంది. అంటే పడమటి దారిలో ఎదురుగాలి సగటున గంటకు 20 కి.మీ. వేగాన్ని తగ్గించింది. తూర్పు దారిలో వాలుగాలి 165 కి.మీ. వేగాన్ని కలిపింది.

ఇదే సంగతిని ఇంకోలా చూడండి. విమానం గాలిలో నిజంగా ఎంత దూరం నడిచింది? పసిఫిక్ దారిలో పద్నాలుగున్నర గంటలు, గంటకు 890 చొప్పున సుమారు 12,900 కి.మీ. మిగిలిన 2,400 కి.మీ. గాలే మోసుకుపోయింది! అట్లాంటిక్ దారిలో 16 గంటలు, అదే చొప్పున 14,240 కి.మీ. నేలమీద కొలిస్తే చుట్టుదారి. గాలిలో కొలిస్తే అదే దగ్గరదారి. విమానం ఇంధనాన్ని మండించేది గాలిలో నడిచిన దూరానికే. కాబట్టి ఆదా అయినది సమయం ఒక్కటే కాదు, ఇంధనం కూడా.

ఇది చిన్న విషయం కాదు. ఈ రకం విమానం ట్యాంకుల్లో సుమారు 1,81,000 లీటర్ల ఇంధనం పడుతుంది. దూరప్రయాణంలో ఇంధనం ఎక్కువ నింపుకుంటే ప్రయాణికులను, సరుకును తగ్గించుకోవాలి. ఎక్కువ మండిస్తే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అయితే ఈ చుట్టుదారి అన్ని రోజులకూ పనికిరాదు. వేసవిలో జెట్ ప్రవాహం బలహీనపడి ఉత్తరానికి జరుగుతుంది. కాబట్టి బయలుదేరే ముందు ఆ రోజు గాలుల అంచనాను బట్టి దారిని నిర్ణయించుకుంటారు. అందుకే దూరపు ప్రయాణాల్లో నిన్నటి దారి, నేటి దారి ఒకటి కాకపోవచ్చు.

గాలి బలానికి మరో ఉదాహరణ. 2020 ఫిబ్రవరిలో న్యూయార్కు నుంచి లండన్‌కు ఒక బోయింగ్ 747 విమానం 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. తుపాను గాలుల సాయంతో నేలతో పోల్చిన దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కి.మీ. దాటింది. నేలదగ్గర ధ్వని వేగం కంటే ఇది ఎక్కువ. అయినా ఆ విమానం ధ్వని వేగాన్ని దాటినట్టు కాదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది మామూలు వేగంతోనే పోయింది.

భూభ్రమణం సాయపడదా?

చాలామంది విద్యార్థులకు కలిగే సందేహం ఒకటుంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది. విమానం గాలిలో ఉండగా భూమి కింద తిరుగుతుంది కదా, ప్రయాణకాలంలో తేడా అందువల్లే వస్తుందా?

అలా అయితే ఏం జరగాలో ఆలోచించండి. ఢిల్లీ దగ్గర నేల గంటకు సుమారు 1,470 కి.మీ. వేగంతో తూర్పుకు కదులుతుంది. విమానాన్ని వదిలేసి నేల ముందుకు పోతుంటే, పడమటి ఊళ్ళే మనకు ఎదురొచ్చేవి. పడమటి ప్రయాణమే త్వరగా ముగియాలి. జరిగేది అందుకు విరుద్ధం! భూమితోపాటు గాలి, గాలితోపాటు విమానం కలిసే తిరుగుతున్నాయి. రైలుపెట్టెలో ఎగరేసిన బంతి మీ చేతిలోనే పడుతుంది కదా, అలాగే. భూభ్రమణం పాత్ర ఒక్కటే: ధ్రువాల వైపు పోయే గాలులను తూర్పుకు మళ్ళించడం. విమానానికి అందే సాయం ఆ గాలుల ద్వారానే.

ఒకే తేదీకి రెండు తెల్లవారుజాములు

ప్రయాణకాలాన్ని గడియారాలతో లెక్కవేయబోతే మరో తమాషా ఎదురవుతుంది. అక్టోబరు 16న తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో బయలుదేరి, పద్నాలుగున్నర గంటలు ఎగిరితే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంత సమయం అవుతుంది? ఆ నెలలో అక్కడి గడియారం మనకంటే 12 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది. మనం బయలుదేరినప్పుడు అక్కడ 15వ తేదీ మధ్యాహ్నం 3 గంటల 30 నిమిషాలు. దానికి పద్నాలుగున్నర గంటలు కలపండి. 16వ తేదీ ఉదయం 6 గంటలు!

గడియారాలు చూసుకుంటే రెండు గంటలే గడిచినట్టుంటుంది. దారిలో ప్రయాణికులు 16వ తేదీ ఉదయాన్ని, మధ్యాహ్నాన్ని, సాయంత్రాన్ని చూస్తారు. పసిఫిక్ నడుమ అంతర్జాతీయ దినరేఖ దాటగానే 15వ తేదీ సాయంత్రంలోకి వెనక్కి పోతారు. రాత్రి గడిచాక మళ్ళీ 16వ తేదీ తెల్లవారుజామున దిగుతారు. తిరుగుప్రయాణంలో కూడా తూర్పుకే సాగి అట్లాంటిక్ మీదుగా వస్తే, భూమిని పూర్తిగా ఒక చుట్టు చుట్టినట్టే.

విమానాల సమయపట్టికలో కనిపించే ప్రయాణకాలం గురించి కూడా తెలుసుకోవాలి. అది రెక్కలు గాలిలో ఉన్న సమయం మాత్రమే కాదు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, గమ్యంలో నిలిచేదాకా పట్టే మొత్తం సమయం. హైదరాబాదు నుంచి ఢిల్లీకి సుమారు 1,260 కి.మీ. గంటకు 830 చొప్పున లెక్కవేస్తే గంటన్నర చాలు. పట్టికలో మాత్రం రెండు గంటలకు పైనే ఉంటుంది. రన్‌వే దాకా నేలమీద నడక, తక్కువ వేగంతో ఎక్కడం, దిగడం, రద్దీ ఉంటే ఆకాశంలోనే వంతు కోసం ఎదురుచూడడం – ఇవన్నీ అందులో చేరతాయి.

గీతల్లేని ఆకాశంలో సరిహద్దులు

గాలి, కొండలు, ఇంధనం ప్రకృతికి సంబంధించినవి. మనుషులు పెట్టిన అడ్డంకులు కూడా దారిని మారుస్తాయి. ఏ దేశం పైని ఆకాశం ఆ దేశానిదే. అనుమతి లేకుండా అందులో ఎగరరాదు. 2019 ఫిబ్రవరి చివర పాకిస్తాన్ తన ఆకాశమార్గాన్ని మూసివేసి జూలైలో తెరిచింది. 2025 ఏప్రిల్‌లో భారతీయ విమానాలకు మళ్ళీ మూసివేసింది. భారత్ కూడా పాకిస్తాన్ విమానాలకు తన ఆకాశాన్ని మూసింది. ఢిల్లీ నుంచి పడమరకు పోయే మన విమానాలు దక్షిణంగా చుట్టి పోవలసి వచ్చింది. 2022లో రష్యా ఎన్నో ఐరోపా దేశాల విమానాలకు తన ఆకాశాన్ని నిరాకరించింది. అప్పటిదాకా హెల్సింకీ నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల్లో చేరిన ఫిన్లాండ్ విమానాలకు, రష్యాను తప్పించుకుని పోవడానికి దాదాపు 13 గంటలు పట్టింది. నగరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మధ్య దూరమే పెరిగింది!

మీరూ చేసి చూడండి

ఒక గ్లోబు, ఒక దారం, ఒక విమానాల సమయపట్టిక సంపాదించండి. మీకు నచ్చిన రెండు నగరాలను ఎంచుకోండి. దారంతో కొలవండి. గ్లోబు మీద భూమధ్యరేఖ పొడవు 40,000 కి.మీ.కి సమానం అనుకుంటే కొలమానం సులభంగా దొరుకుతుంది. తర్వాత పట్టికలో పోయే సమయం, వచ్చే సమయం రాసుకోండి. స్థానిక కాలాల తేడాను సరిచేయడం మరవకండి. తూర్పు-పడమర ప్రయాణాల్లో రెండు సమయాలకూ ఎంత తేడా ఉంది? ఉత్తర-దక్షిణ ప్రయాణాల్లో ఎంత? చలికాలపు పట్టికకూ, వేసవి పట్టికకూ మార్పు ఉందా?

ఆ అంకెల్లో మీ తలకు పది కిలోమీటర్ల ఎత్తున, కంటికి కనపడకుండా ప్రవహిస్తున్న ఆ గాలి ఏటి జాడలు మీకే కనిపిస్తాయి.